ఊరికే కూర్చున్న ఇరవై రోజులు

పైడమ్మ ఆ దీవిలో మొదటి రోజు తెల్లవారగానే లేచి ఇంటి ముందు ఇసకను ఊడ్చింది. చీపురు కనపడలేదు. రాలిన కొబ్బరి మట్టను విరిచి దానితో ఊడ్చింది. మెట్టు నుంచి నీటి అంచు దాకా నలభై అడుగులు. ఆరున్నరకు డాక్టర్ సువర్చల రక్తం తీయడానికి సూది, గొట్టం పట్టుకుని వచ్చేసరికి పైడమ్మ కాన్వాసు కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఇదంతా ఎవరు ఊడ్చారు పైడమ్మ గారూ?"

"గాలి."

"గాలి ఇంత వరసగా ఊడుస్తుందా?"

"ఈ దేశం గాలి డాక్టరమ్మా. నాకేటి తెల్సు."

సువర్చల నవ్వి రక్తం తీసింది. వంటింటి పక్క గదిలో ఉన్న యంత్రంలో గొట్టం పెట్టింది. ఇరవై నిమిషాలకు అంకె వచ్చింది. సున్నా. కావలసింది నలభై.

సెయింట్ ఓరెల్ కరీబియన్ సముద్రంలో ఒక దీవి. ఈ చివర నుంచి ఆ చివరకు బస్సులో గంట. సెలవులకు వచ్చేవాళ్ళు తీరంలో కుర్చీల్లో పడుకుంటారు, నీళ్ళలో దిగుతారు, మళ్ళీ వచ్చి కుర్చీల్లో పడుకుంటారు. పైడమ్మ చేయవలసిందీ అదే, ఇరవై రోజులు. ఆమె చేయలేకపోతే విశాఖపట్నం ఆస్పత్రిలో ఉన్న ఆమె చెల్లెలు చనిపోతుంది.

చెల్లెలి పేరు నీలవేణి. నలభై రెండేళ్ళు. జూట్ మిల్లులో పనిచేసేది. నిరుడు శ్రావణంలో ఒకరోజు ఎనిమిది గంటలు నిద్రపోయి లేచి, అక్కతో "అప్పా, నాను తొంగున్నట్టే నేదు" అంది. మర్నాడూ అదే మాట అంది. నిద్ర వస్తుంది, అలుపు పోదు. విశాఖపట్నంలో అప్పటికి అలాంటి రోగులు నూట పది మంది ఉన్నారు. బడిపంతుళ్ళున్నారు, జాలర్లున్నారు, ఒక జడ్జి ఉన్నాడు. జబ్బు ఎందుకు వస్తుందో ఎవరికీ తెలియదు. పది నెలలకు గుండె ఆగుతుంది. నీలవేణికి తొమ్మిదో నెల వచ్చింది.

మనిషి పనీ ధ్యాసా లేకుండా కొన్ని రోజులు ఉంటే రక్తంలో ఒక పదార్థం చేరుతుందని సువర్చల పనిచేసే ప్రయోగశాల కనిపెట్టింది. దానికి విరామిని అని పేరు పెట్టారు. రాత్రి నిద్రలో పుట్టేది కొద్దిగా. అది మర్నాటికి సరిపోతుంది. రోగుల్లో ఆ కొద్దీ తగ్గిపోతూ ఉంటుంది. ఊరికే ఉన్నవాళ్ళ ఒంట్లో చేరిన నిల్వను తీసి రోగికి ఎక్కిస్తే, అక్కడ మళ్ళీ పుట్టడం మొదలవుతుంది. కాకపోతే తోబుట్టువుది అయితేనే పడుతుంది. దీవిలో యంత్రం చూపే అంకె ఆ నిల్వదే.

మొదట భీమునిపట్నం తీరంలోనే ఒక ఇల్లు తీసుకున్నారు. అక్కడ దాతలు ఊరికే ఉండలేకపోయారు. చుట్టాలు క్యారేజీలు తెచ్చారు. ఒకాయన సాయంత్రం ఆటో ఎక్కి పొలానికి వెళ్ళి మోటారు వేసి వచ్చాడు. ఫోన్లు తీసుకున్నా లాభం లేకపోయింది. ఆరయింది పాలు, ఎనిమిదయింది బడి అని ఒళ్ళే గుర్తు చేసేది. అందుకని ఇంటి గడియారం పనిచేయని చోటు వెతికారు. సెయింట్ ఓరెల్‌లో తెల్లవారేసరికి బొబ్బిలిలో మధ్యాహ్నం మూడున్నర దాటుతుంది.

పైడమ్మకు యాభై ఆరేళ్ళు. బొబ్బిలిలో ముప్పై ఒక్క ఏళ్ళుగా మెస్ నడుపుతోంది. పూటకు తొంభై మంది తింటారు. ఇప్పుడు కోడలు చూస్తోంది. బయల్దేరే ముందు సువర్చల ఆమెకు ఒప్పంద పత్రం చదివి వినిపించింది. నిల్వను ఒకసారి తీశాక దాత ఒంట్లో అది మళ్ళీ చేరదు. రోజు గడవడానికి సరిపడేది మిగులుతుంది. ఇంతకుముందు ఇచ్చిన నలుగురూ తింటున్నారు, పడుకుంటున్నారు, పనులు చేసుకుంటున్నారు. తీరిగ్గా కూర్చోవడం మాత్రం వాళ్ళకు పోయింది. కూర్చుంటే అందులో ఏమీ లేదని నలుగురూ చెప్పారు.

"అది నాకెప్పుడున్నాది, పోడానికి?" అని పైడమ్మ సంతకం పెట్టింది.

మొదటి వారం అంకె రెండు దాటలేదు. పైడమ్మ ఊరికే కూర్చోవడాన్ని పనిగా పెట్టుకుంది. ఐదింటికి స్నానం చేసి, ముడి వేసుకుని, కుర్చీలో నిటారుగా కూర్చునేది. "ఇయ్యాల తొమ్మిది గంటలు కూకున్నాను. ఎంతొచ్చిందో సూడండి" అనేది. ఒకటిన్నర అని చెబితే మర్నాడు పది గంటలు కూర్చునేది.

"అలా కాదండీ. కాళ్ళు చాపండి. వెనక్కి వాలండి."

"వాల్తే నిద్దరొచ్చెత్తాది."

"రానివ్వండి."

"పగలా?" అని పైడమ్మ చుట్టూ చూసింది, ఎవరైనా విన్నారేమోనని.

ఇంటిని చూసుకునేది యూలలీ. ఆ దీవి మనిషి, అరవై దాటాయి. వంట ఆమెదే. ఆమె ఇంగ్లీషు పైడమ్మకు రాదు, పైడమ్మ తెలుగు ఆమెకు రాదు. రెండో రోజుకే ఇద్దరూ ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. భోజనాల దగ్గర మాత్రం కుదరలేదు. యూలలీ ముగ్గురికీ కంచాలు పెట్టేది. పైడమ్మ తన కంచం వదిలి గరిటె పట్టుకుని నిలబడేది. సువర్చల కంచంలో అన్నం తగ్గగానే వడ్డించేది. అందరూ లేచాక, చల్లారింది తినేది.

చెల్లెలితో వారానికి రెండుసార్లు, ఉదయం ఏడుకు, ఐదు నిమిషాలు మాట్లాడనిచ్చేవారు. అప్పటికి విశాఖలో సాయంత్రం నాలుగున్నర. ఎనిమిదో రోజు నీలవేణి రెండు మాటలు మాట్లాడి, ఫోను నర్సుకు ఇచ్చేసింది.

తొమ్మిదో రోజు అంకె సగానికి పడింది. పదో రోజు సున్నా. పదకొండో రోజూ సున్నా. సువర్చల యంత్రాన్ని విప్పి తుడిచింది. ఎనిమిదో రోజు తీసి ఉంచిన రక్తం మళ్ళీ పెట్టి చూస్తే పాత అంకే వచ్చింది. యంత్రం బాగానే ఉంది. పైడమ్మను అడిగితే, "మీరు సెప్పినట్టే కూకున్నాను కదా" అంది. ముఖం పీక్కుపోయి ఉంది.

పన్నెండో రోజు పొద్దున యూలలీ సువర్చల చేయి పట్టుకుని ఇంటి వెనక్కి తీసుకెళ్ళింది. అక్కడ ఒక కొబ్బరి చెట్టు ఉంది. మొదట్లో పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి ఉంది. చెట్టు చుట్టూ ఇసకలో గుండ్రంగా దారి పడింది. బెత్తెడు లోతు ఉంది.

"నాలుగు రోజులుగా తిరుగుతోంది. దేవుడి పని అనిపించింది. దేవుడి పనిలో నేను వేలు పెట్టను. కానీ పొద్దుటి కంచం కూడా ముట్టుకోకుండా తిప్పి పంపుతుంటే, ఇక చూడలేకపోయాను" అంది యూలలీ.

పైడమ్మ కుర్చీలోంచి లేచి వచ్చింది. దాచడానికి ఇక ఏమీ లేదు.

"నూటెనిమిది. పైడితల్లమ్మకి. పొద్దేల ఉపాసం. ఇరవయ్యొక్క రోజులు మొక్కినాను."

"ఎందుకండీ?"

"ఎందుకేటమ్మా? అంకె పెరగాలని."

సువర్చల చెట్టు మొదట్లో కూర్చుండిపోయింది. పని చేసినా, ఆకలితో ఉన్నా, దేని మీదైనా పట్టుదల పెట్టినా విరామిని గంటల్లో కరిగిపోతుంది. ఆ మాట ఇంతకుముందు మూడుసార్లు చెప్పింది. ఊడవద్దని చెప్పింది, వండవద్దని చెప్పింది. మొక్కవద్దని చెప్పాలని ఆమెకు తోచలేదు. ఇప్పుడు చెప్పింది.

పైడమ్మ చెట్టును చూసింది. "అయితే నానే సంపేత్తన్నానేటి దాన్ని?"

"లేదండీ. ఇంకా ఎనిమిది రోజులున్నాయి."

"మొక్కు మద్దెలో ఆపితే తల్లి ఊరుకోదు. ఆపకపోతే నీలా బతకదు. నన్నేటి సెయ్యమంతారు?"

సువర్చల వేళ కాకపోయినా విశాఖకు ఫోను చేసింది. నర్సు నీలవేణి చెవి దగ్గర ఫోను పెట్టింది. పైడమ్మ సంగతంతా చెప్పింది. నీలవేణి ఊపిరి తీసుకుంటూ అడిగింది.

"ఎన్ని రోజులు తిరిగినావు?"

"నాలుగు."

"మిగతా పదిహేడూ నాకిచ్చీ. తల్లితో నాను సెప్పుకుంతాను. లేసినాక తిరుగుతాను."

"లేవనేనిదానివి, నువ్వెలా తిరుగుతావే?"

"అందుకే కదా లేపమంతన్నాను. నువ్వు కూకుంతే నాను లెగుత్తాను. లేకపోతే ఇద్దరం అప్పుపడిపోతాం అమ్మోరికి."

పైడమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "ముండా, సావుబతుకుల్లో కూడా నోరు తగ్గనేదు నీకు" అని ఫోను ఇచ్చేసింది. చెట్టు దగ్గరికి వెళ్ళి దణ్ణం పెట్టి వచ్చింది.

ఆ మధ్యాహ్నం యూలలీ తానూ సువర్చలా ముందే తినేసి, కంచాలు కడిగేసింది. తర్వాత పైడమ్మను వరండాలో కూర్చోబెట్టి, కొబ్బరి పాలలో బొబ్బర్లు వేసి వండిన అన్నం, చేప ముక్క కంచంలో పెట్టింది. గరిటె తీసుకుపోయి లోపల గడియ వేసుకుంది. వడ్డించడానికి ఎవరూ లేరు. అన్నం పొగలు కక్కుతోంది. పైడమ్మ తినడం మొదలుపెట్టింది. సగంలో గడియ తీసుకుని యూలలీ వచ్చి, అడగకుండా ఇంకో ముక్క వేసి వెళ్ళింది. పైడమ్మ చేయి ఆగింది. కిందికి చూస్తూ చాలాసేపు నమిలింది.

"మాకు ఊరికే కూర్చోవడానికి ఒక మాట ఉంది, లైమింగ్ అని. దానికి ఉపవాసం అక్కర్లేదని చెప్పు" అంది యూలలీ కిటికీలోంచి. సువర్చల చెప్పింది.

తిన్నాక పైడమ్మ కుర్చీలో వాలింది. పగలు నిద్రపోయింది. నోరు తెరుచుకుని నిద్రపోయింది. లేచాక టైము ఎంతయిందని అడగలేదు.

పదమూడో రోజు అంకె ఆరు. పద్నాలుగున పదమూడు. పదిహేనున ఇరవై ఒకటి. ఆ రోజు నుంచి పైడమ్మ అంకె అడగడం మానేసింది. సువర్చల చెప్పబోతే వినిపించుకోలేదు. పదహారో రోజు యూలలీతో కలిసి చీరతోనే మోకాలి లోతు నీళ్ళలోకి దిగింది. అల వచ్చి ఇద్దరినీ కూర్చోబెట్టింది. యూలలీ ఏదో అంది. "నన్నంతన్నావేటి, నాకంటే నీ ఒల్లే పెద్దది" అంది పైడమ్మ. ఇద్దరూ లేవడానికి తొందరపడలేదు.

"ఏం ఆలోచిస్తున్నారు?" అని సువర్చల ఒకసారి అడిగింది. పైడమ్మ నీళ్ళకేసి చూస్తోంది.

"ఏటీ నేదమ్మా" అంది. మొదటి రోజు ఇలాగే అడిగినప్పుడు కూడా అదే మాట అంది. ఈసారి నిజం చెప్పింది.

పద్దెనిమిదో రోజు సాయంత్రం ఐదింటికి అంకె నలభై ఒకటి వచ్చింది. సువర్చల కాగితం పట్టుకుని వచ్చి ఇసకలో కూర్చుంది.

"సరిపోయింది. రేపు తీయొచ్చు."

పైడమ్మ తల ఊపింది.

సువర్చల అక్కడితో లేవవచ్చు. నిబంధనల ప్రకారం సంతకం ఉంది. ఆమె లేవలేదు. "విశాఖలో మీరు సంతకం పెట్టినప్పుడు ఇదేమిటో మీకు తెలియదు. తెలియనిది ఇస్తానన్నారు. ఇప్పుడు తెలుసు. అందుకని మళ్ళీ అడుగుతున్నాను. ఇది పోతే తిరిగి రాదు. ఇవ్వనంటే బలవంతం చెయ్యను. ఎవరికీ ఏమీ చెప్పను కూడా."

పైడమ్మ నీళ్ళకేసి తిరిగింది. రెండు అలలు వచ్చి వెళ్ళాయి.

"ఎందుకడిగినారమ్మా?" అంది. "అడక్కుండా తీసుకుపోతే బాగుణ్ణు."

"తప్పయితే క్షమించండి."

"తప్పననేదు." కాళ్ళు ఇసకలోకి దూర్చింది. "రేపొక్క రోజు కూకోనిత్తారా?"

సువర్చల విశాఖ నుంచి వచ్చిన లెక్క చూసింది. నిల్వ కాదు, నీలవేణికి రాత్రి పుట్టేది ఇప్పుడు సున్నా పాయింట్ ఆరు. సున్నా పాయింట్ నాలుగు కంటే కిందికి పడితే మందు పట్టదు. రెండు రోజులకు సున్నా పాయింట్ ఒకటి పడుతోంది. తీయడానికి ఒక రోజు, ప్రయాణానికి రెండు రోజులు. "ఒక్క రోజు ఉంది. రెండో రోజు లేదు" అంది.

పంతొమ్మిదో రోజు పైడమ్మ ఏడున్నరకు లేచింది. కుర్చీని నీటికి నాలుగు అడుగులు దగ్గరగా జరుపుకుంది. కాళ్ళ మీదికి నీళ్ళు వచ్చినప్పుడు తీసుకోలేదు. పదకొండింటికి యూలలీ బొప్పాయి కోసి తెస్తే తిన్నది. మధ్యాహ్నం నిద్రపోయింది. నాలుగింటికి కాసేపు ఏడ్చింది. యూలలీ పక్కన ఇసకలో కూర్చుని కాళ్ళు చాపింది. పొద్దు గుంకే దాకా ఇద్దరూ అలాగే ఉన్నారు. అంకె నలభై ఏడు.

ఇరవయ్యో రోజు ఉదయం ఏడుకు ఫోను వచ్చింది. నీలవేణి మాటకూ మాటకూ మధ్య ఆగుతోంది.

"అప్పా. పక్క మంచం ఆవిడ సెప్పింది. ఇచ్చినోల్లకి ఏదో అయిపోతాదంట. నిజమేటి?"

"ఎవురా పక్క మంచం ఆవిడ? ఆవిడ ఇచ్చినాదేటి?"

"నేదు."

"మరావిడికేటి తెల్సు?"

"నీకేటైనా అయితే నాకొద్దు. నా మీద ఒట్టెయ్. ఆడ ఎలాగున్నాది? నిజం సెప్పు."

సువర్చల గుమ్మంలో నిలబడి ఉంది. పైడమ్మ ఆమెకేసి తిరగలేదు. సముద్రానికేసి తిరిగింది.

"ఎలాగుంతాదే? ఇసక. నీల్లు. కూకొని కూకొని నడుం పట్టేసింది. ఏటీ తోసదు. ఒక మాటాడే మనిసి నేదు. ఎప్పుడు తీసుకుంతారా, ఎప్పుడు ఇంటికెల్దామా అని సూత్తన్నాను."

"ఒట్టు?"

"ఒట్టు."

ఫోను పెట్టేసి, లోపలికి వచ్చి మంచం మీద పడుకుని చేయి చాపింది. "తీసెయ్యండి" అంది.

రక్తం ఒక గొట్టంలోంచి యంత్రంలోకి వెళ్ళి, రెండో గొట్టంలోంచి తిరిగి ఒంట్లోకి వచ్చింది. ఆరు గంటలు పట్టింది. చివరికి అరగ్లాసు ద్రవం మిగిలింది. రంగు లేదు. సువర్చల దాన్ని సీసాలో పోసి మంచు పెట్టెలో పెట్టింది. నొప్పేమైనా ఉందా అని అడిగితే లేదంది పైడమ్మ.

విమానాశ్రయానికి కారు నాలుగింటికి వస్తుంది. మూడున్నరకు పైడమ్మ వెళ్ళి కుర్చీలో కూర్చుంది. కాళ్ళు చాపింది. వెనక్కి వాలింది. సువర్చల వరండాలోంచి గడియారం చూసింది. నాలుగు నిమిషాలు గడిచాయి. పైడమ్మ నీళ్ళకేసి చూసింది, అటూ ఇటూ చూసింది, లేచింది. వంటింట్లోకి వెళ్ళి తొట్టిలో ఉన్న కప్పులు కడగడం మొదలుపెట్టింది. యూలలీ ఆమెను ఇరవై రోజులూ ఆ తొట్టి దగ్గరికి రానివ్వలేదు. ఇప్పుడు రానిచ్చింది. గుడ్డ తీసుకుని పక్కన నిలబడి, కడిగినవి కడిగినట్టు తుడిచింది. కారు వచ్చాక తడి చేతులతోనే పైడమ్మను కావలించుకుంది.

విశాఖ ఆస్పత్రిలో సీసా ఎక్కించేసరికి నీలవేణి అంకె సున్నా పాయింట్ నాలుగు. మొదటి రోజు మార్పు లేదు. రెండో రోజు సున్నా పాయింట్ ఏడు. మూడో రోజు ఒకటి దాటింది. ఆ రాత్రి ఆమె పద్నాలుగు గంటలు నిద్రపోయింది. పైడమ్మ ఆ వార్డులో ఉన్న మంచాలన్నిటికీ దుప్పట్లు మార్చింది. ఆయాలు మొదట పోట్లాడారు, తర్వాత ఊరుకున్నారు. మర్నాడు సువర్చల పొద్దున్నే వచ్చి, కాసేపు కూర్చోమంది. "కూకుంతే గోడ కనపడతాది, అంతే" అంది పైడమ్మ.

పదింటికి నీలవేణి కళ్ళు తెరిచింది. లేవలేదు. పైకప్పుకేసి చూస్తూ పడుకుంది. ముఖంలో ముడతలు విడిపోయాయి. పైడమ్మ దుప్పటి చేత్తో పట్టుకుని మంచం దగ్గరికి వచ్చింది.

"లేసినావా?"

"ఊఁ."

"ఎలాగున్నాది?"

"సెప్పనేను అప్పా." నీలవేణి ఒత్తిగిలింది. "తొంగున్నట్టున్నాది. తొంగొని లేసినట్టు కూడా ఉన్నాది. ఇలాగుంతాదని మర్సిపోనాను."

"సరిగ్గా సెప్పు."

"నీకు తెల్దేటి? నీ కాడి నుంచే కదా వొచ్చినాది."

"నువ్ సెప్పవే."

నీలవేణి అక్క ముఖం చూసింది. అడగబోయింది. పైడమ్మ చేతులు దుప్పటి అంచును మడిచి విప్పుతున్నాయి, విప్పి మడుస్తున్నాయి. నీలవేణి అడగలేదు.

"మిల్లులో సైరన్ కూత్తాది కదా," అంది. "మిసన్లన్నీ ఆగిపోతాయి. ఆగిపోనాక కూడా సెవుల్లో ఆ మోత ఉంతాది. ఇంటికొచ్చి అన్నం తిన్నా ఉంతాది. ఆ మోత పోనాది అప్పా. పోతే ఇంత జాగా ఉంతాదని నాకు తెల్దు."

"ఊఁ."

"కాల్లు బరువుగా ఉన్నాయి. ఆ బరువు బాగున్నాది. ఎవులైనా పిల్సినా నాను లేవను. లేవకపోతే ఏటీ అయిపోదు అనిపిత్తన్నాది."

పైడమ్మ దుప్పటి మడత పెట్టి పక్క మంచం మీద ఉంచింది. ఇంకోటి తీసుకుంది.

"ఇంకా?" అంది.

నీలవేణి కళ్ళు మూసుకుని, ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ చెప్పింది. మధ్యాహ్నం అన్నం బండి వచ్చే దాకా చెబుతూనే ఉంది. పైడమ్మ నిలబడి విన్నది.